కృష్ణారెడ్డిగారి నైరూప్య చిత్రకళ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఒక గ్రంథాలయమును స్థాపించుట కష్టము. దానిని ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయకుండ నడపుట అంతకంటె కష్టము. ఆ పనిని నెరవేర్చిన మీకందరకు నా హృదయపూర్వకాభినందనములు. ఈ సందర్భమున చిత్రకళను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు నన్ను కోరిరి. రవివర్మ పటములను గురించియో, అజంతా గుహలను గురించియో ప్రసంగించినచో అందరకును సుఖముగా నుండెడిది. కాని నేను కావలెననియే కొంచెము కష్టమైన విషయమును ఎన్నుకొంటిని. చూడగానే బొమ్మ యేదో తెలియని బొమ్మలను వేసిన యొక తెలుగు కళాకారుని గూర్చి నేడు మనవి చేయదలచితిని. ఆయన పేరు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు సమీపమున నందనూరను పల్లెలో జన్మించి, 2018 ఆగస్టు 22వ తేదీన న్యూయార్కు నగరమున కన్నుమూసిరి. అచ్చుచిత్రములు వేయు కళాకారులు ఏ దేశమువారైనను ఆయన పేరును గౌరవముతో తలచుకొందురు. మన పల్లెలలో మాత్రము ఆ పేరు వినినవారు అరుదు.

ఇట్టి చిత్రములను చూచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, ఇందులో బొమ్మ ఏది?" ఈ ప్రశ్న నడిగినవారిని చూచి పట్టణములలో కొందరు నవ్వుదురు. ఆ నవ్వు తగదు. తెలియనిదానిని తెలియదని అడుగుట మర్యాదయే. తెలియకయే తెలిసినట్లు తల యూచుట దోషము. నేనును మొదట ఆ ప్రశ్ననే అడిగినవాడను. దానికి నాకు దొరికిన సమాధానమును నేడు మీ యెదుట నుంచుచున్నాను.

తెల్లవారుజామున ముంగిట కల్లాపి చల్లి మన తల్లులు పెట్టు ముగ్గును తలచుకొనుడు. చుక్కలు పెట్టి, ఆ చుక్కలను చుట్టుచు, గీత యెక్కడను తెగకుండ మెలికలు త్రిప్పుదురు. అందులో ఏనుగు లేదు, చెట్టు లేదు, దేవుడు లేడు. ఐనను మెలికల ముగ్గును చూచి "ఇందులో బొమ్మ ఏది?" అని ఏ కాలమునందును ఎవ్వరును అడిగి యుండలేదు. గీత నడక బాగున్నదా, చుక్కకును చుక్కకును నడుమ ఎడము సమముగా నున్నదా, వంపు వంపుతో కలిసినదా యని మాత్రమే చూతురు. ఆషాఢమాసమున బోనపు కుండపై పూయు పసుపు కుంకుమల చారలును అట్టివే. ఏ వస్తువును పోలకయే గీతయు రంగును మనస్సును పట్టుకొనగలవని మన స్త్రీలకు తరతరములుగా తెలియును. ఇట్టి కళకే విద్వాంసులు నైరూప్యకళ యని పేరు పెట్టిరి. పేరు క్రొత్తది, పని మన వాకిటిదే.

ఐరోపాఖండమున ఈ మార్గము తెరచినవారిలో ముఖ్యుడు కాండిన్‌స్కీ యను రష్యా దేశీయుడు. ఆయన న్యాయశాస్త్రము చదివినవాడు. 1896 ప్రాంతమున మాస్కో నగరమున ఒక ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడైన మోనే వేసిన చిత్రమొకటి ఆయన కంట బడెను. అది యేమిటో ఆయనకు తెలియలేదు. జాబితా తీసి చూడగా "గడ్డివాము" అని యుండెను. గడ్డివామును గుర్తింపలేకపోయితినే యని మొదట నొచ్చుకొనెను. కాని గుర్తింపకపోయినను ఆ రంగులు తన మనస్సును విడువకుండుట చూచి ఆశ్చర్యపడెను. వస్తువు తెలియకున్నను రంగు తన పనిని తాను చేసినది! పొలము పనులెరిగిన మీకు గడ్డివామును గూర్చి నేను చెప్పవలసినది లేదు. ఉదయమున దాని రంగు వేరు, మునిమాపున వేరు, వాన వెలిసిన పిమ్మట వేరు. మోనే ఆ రంగులనే పట్టెను. కాండిన్‌స్కీ ముప్పదియవ యేట న్యాయశాస్త్రమును విడిచి, మ్యూనిక్ నగరమునకు బోయి చిత్రకళ నేర్చెను. 1910 తరువాత వస్తువులతో నిమిత్తము లేని చిత్రములను వేయసాగెను. 1922 డిసెంబరులో కలకత్తా నగరమున జరిగిన ప్రదర్శనలో ఆయన చిత్రములును, జర్మనీలోని బౌహౌస్ కళాశాలవారి ఇతర చిత్రములును మన దేశీయులు చూచిరి. కృష్ణారెడ్డిగారు పుట్టుటకు మూడేండ్ల ముందే ఈ గాలి మన దేశమునకు వచ్చినదన్నమాట.

ఇక కృష్ణారెడ్డిగారి కథకు వత్తము. వారిది కలిగిన కుటుంబము కాదు. తండ్రి పొలములలో కూలిపని చేసికొనుచు, గ్రామములలోని దేవాలయములకు గోడచిత్రములు వ్రాయుచు నుండెడివారు. కూలి చేయు చేతియందే కుంచె యుండుట మన పల్లెలకు వింత కాదు. బాలుడు ఆ చేతిని చూచుచు పెరిగెను. మదనపల్లె చెంతనున్న రిషీవ్యాలీ పాఠశాలలో ఆయన చదివిరి. అది జిడ్డు కృష్ణమూర్తిగారి భావములతో నెలకొన్న విద్యాలయము. ఒక చెట్టుకు పేరు పెట్టి యూరకుండినచో ఆ చెట్టును మనము చూచుట మానివేయుదుమని కృష్ణమూర్తిగారు పలుమారు బోధించుచుండిరి. వేప అనుకొని ముందునకు సాగిపోవుదుము. ఆకు అంచున రంపపు పండ్లవలె నున్న గాట్లను చూడము. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. కృష్ణారెడ్డిగారి చిత్రములకు ఇదియే తాళపు చెవి.

అచ్చటి నుండి 1940ల తొలి సంవత్సరములలో ఆయన శాంతినికేతనమునకు వెళ్ళి నందలాల్ బోసుగారి శిష్యులైరి. రవీంద్రనాథ ఠాకూరుగారు 1941లో పరమపదించి యుండిరి. దేశమున 1942 ఉద్యమము సాగుచుండెను. 1943లో వంగదేశమును కరవు కబళించెను. అట్టి కాలమున ఆ ఆశ్రమమందు విద్యార్థులు చెట్లక్రింద కూర్చుండి కొమ్మను, ఆకును, పురుగును చూచి గీయుట నేర్చుచుండిరి. నందలాల్‌గారి బోధలో ప్రకృతిని ఓపికతో పరిశీలించుట మొదటి పాఠము. ఒక గింజ మొలకెత్తునపుడు దాని లోపలి శక్తి ఏ దిశగా త్రోయుచున్నదో కనిపెట్టనిదే ఆ మొలకను గీయరాదని ఆ మార్గపు నియమము. చదువు ముగిసిన పిమ్మట మద్రాసులో రుక్మిణీదేవిగారి కళాక్షేత్రమునందు 1947 నుండి 1949 వరకు చిత్రకళావిభాగమును నడపిరి.

తరువాత సీమ ప్రయాణము. లండనులోని స్లేడ్ కళాశాలలో చేరి, హెన్రీ మూర్ అను ప్రసిద్ధ శిల్పివద్ద శిల్పము నేర్చిరి. పారిస్ నగరమున జాడ్‌కిన్ వద్దను, ఇటలీలోని మిలాను నగరమున మారీనో మారీనీ వద్దను ఆ విద్యను వృద్ధి చేసికొనిరి. ఇవన్నియు శిల్పవిద్యాభ్యాసములని గమనింపుడు. ఆయన చేయి రాతిని, మట్టిని, లోహమును ఎరిగిన చేయి. ఆ చేయి పారిస్‌లో ఒక అచ్చుశాలను చేరినది. దాని పేరు "అటెలియే 17". స్టాన్లీ విలియం హేటర్ అను ఆంగ్లేయుడు 1927లో దానిని ప్రారంభించెను. పికాసో, మీరో వంటి మహాచిత్రకారులును అందు పనిచేసిరి. అది బడి కాదు, అంగడియు కాదు. పది దేశముల కళాకారులు ఒకే బల్లచుట్టు చేరి, ఒకరు కనుగొన్నది మరియొకరికి చూపుచు పనిచేయు చోటు.

అచ్చట కృష్ణారెడ్డిగారు చేసిన పనిని తెలిసికొనుటకు ముందు అచ్చుచిత్రమన నేమో తెలియవలెను. రాగి లేక జింకు రేకుపై పనిముట్టుతో గీతలు చెక్కుదురు. లేదా ఆమ్లముతో తినిపింతురు. రేకుపై సిరా పూసి, గుడ్డతో పైభాగమును తుడిచినచో గీతల గుంటలలో మాత్రము సిరా మిగులును. తడి కాగితము పరచి బలమైన అచ్చుయంత్రము నడుమ త్రిప్పగా ఆ సిరా కాగితమునకు ఎక్కును. ఒక్క రంగైన ఇది చాలును. పెక్కు రంగులు కావలెనన్న చిక్కు వచ్చును. బట్టలపై అద్దకము వేయువారిని చూచినవారికి ఈ చిక్కు తెలియును. రంగునకొక అచ్చు కావలెను. ఒక అచ్చుపై మరియొక అచ్చు వెండ్రుకవాసి తప్పకుండ కూర్చుండవలెను. తప్పినచో ఆకు ఒకచోట, పచ్చదనము మరియొకచోట పడును.

1950ల నడుమ కృష్ణారెడ్డిగారును, బొంబాయి నుండి వచ్చిన కైకో మోతీగారును హేటర్ అచ్చుశాలలో ఒక క్రొత్త మార్గమును కనుగొనిరి. దానికి మూలము నూనె. సిరాలో అవిసె నూనె ఎక్కువగా కలిపిన పలుచనగును. తక్కువైన చిక్కగా నుండును. పలుచని సిరా పరచిన చోట చిక్కని సిరా అంటుకొనదు, తొలగిపోవును. ఈ చిన్న గుణమును వారు పట్టుకొనిరి. రేకును లోతుగా, మెట్లు మెట్లుగా చెక్కిరి. మిట్టలు, పల్లములు, వాలులు ఏర్పడెను. మొదట లోతైన గీతలలో ఒక సిరా నింపి తుడుతురు. తరువాత గట్టి రోలరుతో పలుచని సిరా పరతురు. గట్టి రోలరు వంగదు గనుక మిట్టలను మాత్రమే తాకును. పిమ్మట మెత్తని రోలరుతో చిక్కని సిరా పరతురు. అది వంగి పల్లములలోనికి దిగును. మిట్టలపై నున్న నూనె సిరా దానిని అంటనీయదు. ఇట్లు ఒకే రేకుపై, రంగులు ఒకదానిలో నొకటి కలిసి మురికి కాకుండ, దేని తావున అది నిలుచును. ఒక్కసారి యంత్రమున త్రిప్పిన చాలును; రంగులన్నియు ఒక్కమారే కాగితమున కెక్కును.

ఈ మార్గమున శిల్పి చేయి ఎట్లు పనికివచ్చినదో చూడుడు. చదునైన రేకు ఆయన చేతిలో కొండలు లోయలు గల పొలమయ్యెను. వాన నీరు పల్లమెరుగునట్లు రంగు తన తావును ఎరిగెను. ఒక్కొక్క రేకును నెలల తరబడి చెక్కుచుండిరి. ఆ రేకులు తమంత తామే శిల్పములని చూచినవారందురు.

ఇక ఆయన చిత్రముల మాట. 1963లో "సుడిగుండము" అను చిత్రమును, "అల" అను చిత్రమును వేసిరి. సుడిగుండమన్న పేరు చూచి, నది యొడ్డు, పడవ, మునుగుచున్న మనిషి ఉండునని మనము వెదకుదుము. అవి యేవియు లేవు. ఉన్నది నీటి వేగము మాత్రమే. నడిమి నుండి వెలుపలికి, వెలుపలి నుండి నడిమికి తిరుగు గీతల పరుగు. మూసీ యొడ్డున పెరిగిన మీకు సుడి యెట్లుండునో తెలియును. 1908 సెప్టెంబరు 28వ తేదీ వరదను గూర్చి పెద్దలు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ వరదను చెప్పువారు నీటి రంగును, కెరటపు ఎత్తును కొలతలుగా చెప్పరు. చేయి గాలిలో చక్రమువలె త్రిప్పి "ఇట్లు తిరిగినది" అందురు. ఆ చేతి త్రిప్పుటయే నైరూప్య చిత్రము. నదిని విడిచి, నది చేసిన పనిని చూపినది. కృష్ణారెడ్డిగారు ఆ చేతి త్రిప్పుటను రేకుపై చెక్కిరి.

1968 మే నెలలో పారిస్ నగరమున విద్యార్థులును కార్మికులును వీధులలోనికి వచ్చిరి. అప్పుడు ఆయన వేసిన "ప్రదర్శకులు" అను చిత్రమున జనసమూహమున్నది. కాని ఇతడు ఫలానావాడని గుర్తించుటకు ముఖములు లేవు. వేర్వేరు మనుష్యులు ఒకే శక్తిగా నిలుచుటను ఆయన గీచిరి. 1970ల చివర తమ కుమార్తెను సర్కసునకు తీసికొనిపోయినపుడు చూచిన విదూషకుడు ఆయన మనస్సున నాటుకొనెను; తరువాతి యేండ్లలో ఆ విదూషకుని చిత్రములు పెక్కు వేసిరి. నవ్వించువాని చుట్టు ప్రపంచమే గిరగిర తిరుగునట్లు అందు కనబడును. కనుక ఆయన రూపమును ద్వేషించినవారు కారు. రూపము పైపొరను ఒలిచి, లోపలి కదలికను చూపగోరినవారు. వస్తువునకు దూరమగుట నైరూప్యమని మనమనుకొందుము. నిజమునకు అది వస్తువునకు మరింత దగ్గరగుట. చాల దగ్గరగా పోయినందుననే మనకు గుర్తు తెలియదు. అరచేతిని కంటికి ఆనించుకొన్నచో అది చేయియని తెలియదు, గీతలే కనబడును. చేయి అబద్ధము కాలేదు గదా!

ఆయన జీవితమున నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించినది వేరొకటి కలదు. మన చేతివృత్తులలో పని మర్మమును ఇల్లు దాటనీయని ఆచారము కొన్ని యెడల నుండెడిది. తండ్రి కొడుకునకు చెప్పును, అల్లునకు చెప్పడు. అట్లు చెప్పక పోయినందున ఎన్ని విద్యలు మన్నున కలిసినవో! కృష్ణారెడ్డిగారు తాము కనుగొన్న మార్గమును దాచలేదు. 1960ల నడుమ నుండి హేటరుతో గూడి ఆ అచ్చుశాలను నడపుచు వచ్చినవారికెల్ల నేర్పిరి. 1976లో న్యూయార్కు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున అచ్చుచిత్రశాఖకు అధిపతియై అనేక సంవత్సరములు బోధించిరి. 1988లో సిరాల పాళ్ళు మొదలు రోలరుల మెత్తదనము వరకు వివరించుచు ఒక గ్రంథమునే ప్రకటించిరి. భారత ప్రభుత్వము 1972లో పద్మశ్రీ నిచ్చి ఆయనను గౌరవించినది. కాని ఆయన నేర్పిన విద్య అనేక దేశముల చేతులలో నేటికిని నడచుచుండుట అంతకంటె పెద్ద గౌరవము.

అచ్చుచిత్రమునకును గ్రంథాలయమునకును చుట్టరికమున్నది. కుంచెతో వేసిన చిత్రము ఒక్కటియే. అది యొక ధనవంతుని గోడపై వ్రేలాడును. అచ్చుచిత్రము ఒకే రేకునుండి అనేక ప్రతులుగా వెలువడి అనేకుల యిండ్లకు పోవును. పుస్తకమును అంతే. ఒకే ప్రతి ఇరువదియైదేండ్లలో ఎందరి చేతులు మారినదో మీ గ్రంథపాలకుని పట్టీ చెప్పగలదు. ఇచ్చినకొలది తరుగని వస్తువులు ఇవి.

ఇదంతయు సముద్రముల కావలి కథ, మనకేమి సంబంధమని తలపవలదు. మన హైదరాబాదు నగరమునందే ఇట్టి కళాకారుడొకరు జీవించిరి. పాకాల తిరుమలరెడ్డిగారు 1915లో కరీంనగర్ ప్రాంతపు అన్నారము గ్రామమున పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1941లో అచ్చటి నవ్యచిత్రకారుల చిన్నబృందమున ఒకరై, తరువాత నారాయణగూడలో స్థిరపడి 1996 వరకు చిత్రములు వేయుచుండిరి. యంత్రములలోని త్రికోణములు, వృత్తములు, బిందువులు ఆయన పిమ్మటి చిత్రములలో నిండియున్నవి. ఆయన సహధర్మచారిణి యశోదారెడ్డిగారు పాలమూరు పల్లెమాటలతో "మా ఊరి ముచ్చట్లు" వ్రాసినవారు. ఒకే యింట ఒకరు పల్లె పలుకును, మరియొకరు రూపము దాటిన రేఖను సాధించిరి. రెండింటికిని వేరు ఒకే మట్టిలో నున్నది.

కృష్ణారెడ్డిగారు మావాడని గర్వించుట సులభము. దానికి ఒక పటము తగిలించి, ఒక పూలదండ వేసిన చాలును. ఆయన చూచినట్లు చూచుట కష్టము. ఒక్క విషయము మాత్రము నన్ను బాధించుచున్నది. కూలిపని చేసికొనువాని కుమారునకు తండ్రి కుంచె కనబడినది, మంచి బడి దొరకినది, నందలాల్ వంటి గురువు లభించినాడు. ఈ మూడింటిలో ఒకటి తప్పినను ఆ కన్ను ఏమై యుండెడిదో! మన వీధులలో గోడలపై బొగ్గుతో గీతలు గీచి దెబ్బలు తిను పిల్లలలో అట్టి కన్ను గలవారెందరో మనమెరుగము. పొలములుండినచోట నేడు మేడలు లేచినవి; మెట్రో బండి మన యూరి పేరుతో నిలుచుచున్నది. బ్రదుకు తెరువులు పెరిగినవి, సంతోషమే. కాని పిల్లవానికి ఒక చీమను అరగంట చూచు తీరిక తగ్గినది.

కావున ఈ గ్రంథాలయమునకు నేను మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది, చిత్రకళా గ్రంథములకు ఒక బీరువా కేటాయింపుడు. వెల ఎక్కువైనను ఏడాదికి ఒకటి రెండు కొనుడు. పిల్లల చేతికి ఇచ్చుటకు జంకవలదు. నలిగిన పుస్తకము చదువబడిన పుస్తకము. రెండవది, సంక్రాంతికి మన తల్లులు పెట్టు ముగ్గులను కాగితములపై వ్రాయించి, ఎవరి చేతి ముగ్గో పేరుతో సహా ఇచ్చట భద్రపరుపుడు. అవి చెరిగిపోవు చిత్రములు, పెట్టినవారితో పోవును. మూడవది, వానకాలమున ఒకనాడు పిల్లలను మూసీ వంతెనపైకి తీసికొనిపోయి, క్రింద స్తంభములచుట్టు తిరుగు నీటిని చూపుడు. నది నేడు మురికి పట్టియున్నదని నాకును తెలియును. ఐనను సుడి సుడియే. "ఇది యేమి?" అని అడుగక, "ఎట్లు తిరుగుచున్నది?" అని అడుగుడు. జవాబును మాటతో కాక గీతతో చెప్పుమనుడు.

అప్పుడు ఆ పిల్లవాడు వేసినదానిని చూచి, ఇందులో బొమ్మ ఏదని మీరు అడుగరని నా నమ్మకము.